గుడి వెనక నుంచి వినిపించిన పాట

పుష్య బహుళ పంచమి అంటే త్యాగరాజస్వామి ఆరాధన రోజు. సంక్రాంతి సందడికి కాస్త అటో ఇటో వస్తుంది. ఆ పొద్దున రేడియోలోనో టీవీలోనో తిరువయ్యారు నుంచి వచ్చే పాట వింటూ కూర తరుక్కోవడం మనలో చాలామందికి అలవాటే. కావేరి ఒడ్డున పెద్ద పందిరి. ఎదురెదురుగా బారులు తీరి కూర్చున్న జనం. పేరుమోసిన విద్వాంసుల పక్కనే ఇంకా పాఠం నేర్చుకుంటున్న పిల్లలు. ఒకవైపు పంచెలూ కండువాలూ, ఇంకోవైపు పట్టుచీరలూ పూలజడలూ. అంతమందీ ఒక్క గొంతుతో పంచరత్న కీర్తనలు పాడుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ పట్టుచీరల వరస మొదటినుంచీ ఉన్నదేననుకుంటాం. కాదు! వందేళ్ళ కిందట ఆ ఉత్సవంలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదు. వినొచ్చు, దణ్ణం పెట్టుకోవచ్చు, ప్రసాదం తీసుకోవచ్చు. గొంతు విప్పకూడదు. ఇంతకీ ఆ సమాధి మీద గుడి కట్టించింది ఎవరనుకున్నారు? ఒక ఆడమనిషే. తన సొమ్ముతో కట్టించిన గుడి ముందు తననే పాడనివ్వకపోతే, ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. గుడి వెనక్కి వెళ్ళి పాడింది.

ఆవిడే బెంగుళూరు నాగరత్నమ్మ.

తల్లి పట్టిన పట్టు

నాగరత్నమ్మ 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులంలో పుట్టిన మనిషి. తండ్రి ఒక వకీలు. ఆయన వీళ్ళని వదిలేస్తే తల్లీకూతుళ్ళు మైసూరులో ఒక సంస్కృత పండితుడి అండ చేరారు. ఆయన దగ్గర పిల్ల సంస్కృతం, సంగీతం గబగబా పట్టేసింది. ఇంతలో ఆయనతో తేడా వచ్చి ఆ నీడా పోయింది. చేతిలో చంటిపిల్లలాంటి కూతురు, వెనక మగదిక్కు లేదు, పైగా కులం పేరు చెప్పి చిన్నచూపు. ఆ స్థితిలో ఉన్న తల్లి ఇంకెవరైనా అయితే ఏం చేసేదో గానీ, పుట్టలక్ష్మి మాత్రం కూతుర్ని విదుషీమణిని చేసి తీరాలని కంకణం కట్టుకుంది. గురువుల్ని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగింది.

చివరికి బెంగుళూరులో మునుస్వామప్ప అనే విద్వాంసుడు దొరికాడు. ఆయనది త్యాగరాజస్వామి శిష్యులైన వాలాజపేట వారి పరంపర. అంటే, స్వామికీ ఈ పిల్లకీ మధ్య కొద్దిమంది గురువులే అడ్డం! తల్లి ఎక్కువకాలం బతకలేదు. కూతురు నిలదొక్కుకోవడం చూడకుండానే పోయింది. పదిహేనేళ్ళకల్లా నాగరత్నమ్మ మైసూరు ఆస్థానంలో పాడింది. పాటా, ఆటా, సంస్కృతం, కన్నడం, తెలుగు, తమిళం... ఇన్ని వచ్చిన పిల్ల ఆ తర్వాత 1903 ప్రాంతంలో మద్రాసు చేరింది. అక్కడ సొంత ఇల్లు, నగలు, చేతినిండా కచేరీలు. మద్రాసులో ఆదాయప్పన్ను కట్టిన తొలి సంగీత విదుషీమణి అని ఆవిడకి పేరు.

తెలుగు పుస్తకం కోసం ఒక పోరాటం

పాటల సంగతికి వచ్చేముందు మన భాషకి ఆవిడ చేసిన ఉపకారం చెప్పుకోవాలి. తంజావూరు నాయకరాజుల తర్వాత మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆవిడ రాసిన రాధికాసాంత్వనం అప్పటికి అచ్చయి ఉన్నా, కొన్ని పద్యాలూ, కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగమూ ఎగిరిపోయి ఉన్నాయి. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, దాన్ని సరిచూసి, 1910లో పూర్తి పుస్తకం వేయించింది. వేసినవారు వావిళ్ళవారు.

ఆ కావ్యంలో శృంగారం పాలు ఎక్కువే. ఇంకేముంది, గగ్గోలు! అప్పటికే కందుకూరి వీరేశలింగంగారంతటి పెద్దమనిషి ముద్దుపళనిని నిందిస్తూ రాసి ఉన్నారు. మగ కవులు రాస్తే రసమైనది ఆడది రాస్తే బూతెలా అవుతుందని నాగరత్నమ్మ తన పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధాని అయ్యాకగానీ, అంటే దాదాపు 35 ఏళ్ళకిగానీ, ఆ నిషేధం తొలగలేదు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఒక ఆడదాని గొంతు మూసేస్తే ఊరుకునే స్వభావం కాదావిడది. తిరువయ్యారులో జరిగిన దానికి ఇదే మొదటి మెట్టు.

పదిమందికోసం కట్టిన పాట

త్యాగరాజస్వామి పాటని మనం ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని కుర్చీలో కూర్చుని వింటున్నాం గానీ, ఆయన జీవితం చూస్తే వేరు. ఉంఛవృత్తి ఆయనది. భుజాన తంబురా, చేతిలో చిడతలు. వీధిలో పాడుకుంటూ వెళ్తే ఇల్లాళ్ళు గుప్పెడు బియ్యం తెచ్చి పాత్రలో పోసేవారు. వెనక శిష్యులు వంత పాడేవారు. దివ్యనామ కీర్తనలూ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలూ ఆయన కట్టిందే అలా పదిమంది కలిసి పాడుకోవడానికి. మెట్టు తేలిక, చరణాలు చాలా, వరస మాత్రం ఒకటే. మొదటి చరణానికి మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళు మూడో చరణానికి గొంతు కలిపేస్తారు. మేలుకొలుపు నుంచి పవ్వళింపు దాకా దేవుడి రోజంతా పాటే. అందులో మన అమ్మమ్మలు పాడుకున్న లాలీ, హారతీ, మంగళం అన్నీ ఉన్నాయి. పాట పుట్టిన తీరే అది. ఇక అందులో ఆడవాళ్ళకి చోటు లేదనడం ఎంత విడ్డూరమో చూడండి!

పంచరత్నాలు అంత తేలిక కాదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ... ఐదూ ఘనరాగాలు. అయినా వందలమంది కలిసి ఎలా పాడగలుగుతున్నారు? కారణం వాటి కట్టుబడిలోనే ఉంది. ఐదూ ఆదితాళంలోనే నడుస్తాయి. కచేరీలో అయితే రాగాలాపన, నెరవు, కల్పన స్వరం అని పాడేవాళ్ళు అప్పటికప్పుడు అల్లుకునేవి ఉంటాయి. దాన్ని మనోధర్మం అంటారు. ఒకరి మనోధర్మం ఇంకొకరికి రాదు కాబట్టి అక్కడ గుంపుకి పని లేదు. పంచరత్నాల్లో స్వరాలు కూడా ముందే కూర్చి ఉన్నాయి. ముందు స్వరం, వెంటనే అదే వరసలో సాహిత్యం. ప్రతి చరణం తర్వాతా మళ్ళీ అందరూ కలుసుకునే చోటు ఒకటి ఉంటుంది. దారి తప్పినవాళ్ళు అక్కడ కాచుకుని ఉంటే చాలు, గుంపు వచ్చి వెంట తీసుకుపోతుంది.

మా కాలనీ గుళ్ళో ఆరాధన నాడు నాకు ఇది బాగా తెలిసొస్తుంది. జంపఖానా మీద ఒక పాతికమందిమి కూర్చుంటాం. డెబ్బై దాటిన మామ్మగారు పుస్తకం లేకుండా పాడతారు. ఎనిమిదో క్లాసు పిల్ల జిరాక్సు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని పాడుతుంది. బ్యాంకులో పనిచేసే ఆవిడ స్వరం దగ్గర ఊరుకుని సాహిత్యం దగ్గర అందుకుంటుంది. ఏ పాటా రాని పక్కింటివాళ్ళ మూడేళ్ళ బాబు మాత్రం తాళం వేస్తూనే ఉంటాడు, తొడమీద కాదు, నా వీపు మీద! వరాళి రాగం గురువు శిష్యుడికి నేరుగా చెప్తే వాళ్ళిద్దరికీ చెడుతుందని ఒక నమ్మకం. అలాంటప్పుడు వరాళి కీర్తన ఎలా వచ్చిందని మామ్మగార్ని అడిగితే, ఇలా గుంపులో కూర్చుని వచ్చిందేనని నవ్వేశారు. గుంపులో నేర్చుకోవడం అంటే అదే. ఎవరు ఎవరికి నేర్పారో లెక్క ఉండదు.

గుడి ముందూ, గుడి వెనకా

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. తర్వాత ఆయన సమాధి కావేరి ఒడ్డున పొదల్లో కలిసిపోయింది. 1903లో ఉమయాళ్పురం సోదరులైన శిష్యులు వెతికి బాగుచేయించినా మళ్ళీ పాడుబడింది. ఏటా ఆరాధన చేసే మగ విద్వాంసులు ఆ తర్వాత రెండు పార్టీలుగా చీలిపోయారు. పెద్ద కచ్చి, చిన్న కచ్చి అని తమిళంలో పేర్లు. వాళ్ళలో వాళ్ళకి ఎన్ని తగాదాలున్నా ఒక్క మాట మీద మాత్రం ఇద్దరూ ఒకటే. ఆడవాళ్ళు పాడకూడదు!

సమాధి స్థితి గురించి మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప రాసిన కబురు నాగరత్నమ్మకి అందింది. ఆవిడ కదిలిపోయింది. పిల్లాజెల్లా లేని మనిషి. వయసు నలభై దాటింది. జీవితమంతా స్వామి పాటే అన్నం పెట్టింది. 1921లో పని మొదలుపెట్టించి, నేల సంపాదించి, నగలమ్మి, సమాధి మీద గుడి కట్టించి, విగ్రహం పెట్టించింది. 1920ల మధ్యకల్లా పూజ మొదలైంది. తర్వాత మద్రాసులో ఇల్లూ అమ్మేసి తిరువయ్యారులోనే కాపురం పెట్టింది.

అంతా అయ్యాక ఆవిడ కోరింది ఒక్కటే. ఆరాధనలో తను హరికథ చెప్పుకుంటానంది. రెండు పార్టీలూ కుదరదన్నాయి. ఒకటి ఆడది కావడం, రెండోది దేవదాసి కావడం. డబ్బు పుచ్చుకోవడానికి అడ్డురాని కులం పాటకి అడ్డొచ్చింది.

హరికథే ఎందుకు అడిగిందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. గుంపులో గొంతు కలపడం ఒక హక్కు. ఒంటరిగా నిలబడి తన మనోధర్మం చూపించడం ఇంకో హక్కు. హరికథలో రెండూ ఉన్నాయి. కథకుడు అప్పటికప్పుడు అల్లుతాడు, వంతగాళ్ళూ సభా అందుకుంటారు. నాగరత్నమ్మకి రెండూ కావాలి.

కాదన్నాక ఆవిడ 1927లో మూడో ఉత్సవం పెట్టింది. అదే ఆడవాళ్ళ పార్టీ, పెణ్గళ్ కచ్చి. ముందు మగవాళ్ళ పాట, గుడి వెనక ఆడవాళ్ళ పాట! తోటి దేవదాసీల్ని కూడగట్టి, సంతకాలు పెట్టించి, అధికారులకి అర్జీలు పంపింది. ఏళ్ళ తరబడి అలా నడిచింది. గుడి వెనక పాట ముందున్నవాళ్ళ చెవిని పడకుండా ఎలా ఉంటుంది? ఆఖరికి ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి పూనుకుని అందర్నీ ఒక దగ్గర చేర్చారు. 1941 నాటికి మూడు ఉత్సవాలూ ఒకటయ్యాయి. కలిసి పాడటానికి పంచరత్నాలు అన్న ఏర్పాటూ ఆ రోజుల్లో స్థిరపడిందే. మగా ఆడా, పెద్దా చిన్నా ఎదురెదురుగా కూర్చుని పాడే ఆ దృశ్యం అప్పట్నుంచే మనకి దక్కింది.

ఒక్క మాట మనసులో ముల్లులా

ఈ కథలో నన్ను ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. ఆ రోజుల్లోనే డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు దేవదాసీ ఆచారాన్ని చట్టంతో మాన్పించాలని పోరాడుతున్నారు. ఆవిడ తల్లిదీ ఆ కులమే. ఆ పిల్లల బతుకులు చూసి తల్లడిల్లి చేసిన పని అది. నాగరత్నమ్మ దేవదాసీల సంఘానికి నాయకత్వం వహించి దానికి ఎదురు నిలిచింది. ఆచారంతోపాటు ఆడవాళ్ళకున్న చదువూ, విద్యా, ఆస్తిహక్కూ తుడిచిపెట్టుకుపోతాయని ఆవిడ భయం. 1947లో చట్టం వచ్చింది. చిన్నపిల్లల్ని గుడికి అంకితం చేసే దురాచారం పోవలసిందే, సందేహం లేదు. అయితే నాగరత్నమ్మ భయమూ వట్టిది కాదు. ఎన్నో కుటుంబాల్లో తరాల సంగీతం వాళ్ళ పేర్లతోపాటే మరుగున పడింది. ఆవిడ తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్ళి కూర్చున్నది ఎక్కువగా మనబోటి గృహిణులం. గుడి వెనక నిలబడి పాడిన ఆ తొలి గుంపులోని ఆడవాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

నాగరత్నమ్మ 1952 మే 19న తిరువయ్యారులోనే కన్నుమూసింది. మిగిలిన ఆస్తి ట్రస్టుకి రాసేసింది. ఆ చోట ఆడవాళ్ళ పాటకి అడ్డు ఉండకూడదన్నదే ఆవిడ కోరిక. స్వామి సమాధికి దగ్గర్లోనే ఆవిడ సమాధి, అక్కడే చేతులు జోడించి కూర్చున్న ఆవిడ విగ్రహం. ముఖం స్వామి గుడివైపే.

ఇవాళ ఆరాధన మన విజయవాడలోనూ, హైదరాబాదులోనూ జరుగుతోంది. 1978 నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండులోనూ జరుగుతోంది. అన్నిచోట్లా ఆడగొంతులే ఎక్కువ. ఈసారి పుష్య బహుళ పంచమికి మీ ఊళ్ళో ఎక్కడైనా పంచరత్నాలు పాడుతుంటే, సంగీతం రాదని వెనక వరసలో ఆగిపోకండి. పిల్లల్నీ, అత్తగారినీ వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చోండి. అందరూ కలిసే చోట గొంతు కలపండి. ముందు వరసలో మనకి ఆ చోటు ఊరికే రాలేదు మరి!