బోల్డ్ బటన్ వెనక ఒక సేల్స్‌మన్

రెజ్యూమె టైప్ చేస్తూ మీ పేరును సెలెక్ట్ చేసి కంట్రోల్, బి నొక్కుతారు. అక్షరం లావవుతుంది. ఎత్తు మారదు, రూపం మారదు, కాస్త ఒళ్లు చేస్తుంది అంతే. ఇది ఎప్పటినుంచో ఉన్న సౌకర్యమే అనుకుంటాం. కానీ 1845కి ముందు ఇంగ్లిష్ ప్రెస్సుల్లో, మామూలు అక్షరం పక్కన అదే లైన్లో ఇమిడిపోయే లావు అక్షరం దొరకడం కష్టం. ఆ లోటును కనిపెట్టి సరుకును మార్కెట్లోకి తెచ్చిన వ్యక్తి రాబర్ట్ బెస్లీ. ఆయనేమీ ఆర్టిస్టు కాదు. టైపు అమ్ముకుంటూ ఊళ్లు తిరిగిన సేల్స్‌మన్!

బెస్లీ 1794లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టారు. ఆయన యువకుడిగా ఉన్న రోజుల్లో ఆ దేశమంతా బొగ్గు పొగే. కమాన్‌పూర్, గోదావరిఖని వైపు పెరిగినవాళ్లకు బొగ్గు ఊళ్లను ఎలా మార్చేస్తుందో వేరే చెప్పాలా? 1814లో లండన్ టైమ్స్ పత్రికను ఆవిరి యంత్రంపై అచ్చువేశారు. ఫ్యాక్టరీ సరుకు పెరిగింది, అమ్ముకోవాలంటే గోడల నిండా పోస్టర్లు కావాలి. పుస్తకాల కోసం చెక్కిన సన్నని అక్షరాలు వీధికి అవతలి నుంచి కనిపించవు కదా.

ఇంగ్లిష్ అక్షరాల కొసల్లో చిన్న గీతలుంటాయి చూడండి, వాటిని సెరిఫ్ అంటారు. ఆ గీతల్ని ఇటుకల్లా మందంగా చేస్తే అది స్లాబ్ సెరిఫ్. 1815 ప్రాంతంలో విన్సెంట్ ఫిగిన్స్ అనే లండన్ టైపు వ్యాపారి ఇలాంటి అక్షరాలను అచ్చులో చూపించారు. అప్పట్లో ఈజిప్టు మోజు ఎక్కువ కాబట్టి వీటికి ఈజిప్షియన్ అన్న పేరూ పడింది. పోస్టర్ మీద బ్రహ్మాండంగా ఉండేవి. పుస్తకంలో పెడితే మాత్రం పెళ్లి పందిట్లో లారీ ఆపినట్టే.

1826లో బెస్లీ లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో చేరారు. యజమాని విలియం థొరొగుడ్ లాటరీలో గెలిచిన డబ్బుతో ఆ ఫౌండ్రీని కొన్నాడు. అలాంటి అదృష్టం బెస్లీకి లేదు. ప్రింటర్ల దగ్గరికి వెళ్లి ఆర్డర్లు తేవడమే ఆయన పని. ప్రెస్సువాళ్లతో రోజూ మాట్లాడేవాడికే వాళ్లకు ఏది తక్కువైందో తెలుస్తుంది. మెల్లగా సంస్థలో భాగస్వామి అయ్యారు.

1845లో వచ్చిన క్లారెండన్ టైపు ఆ అనుభవంలోంచి పుట్టిందే అనిపిస్తుంది. కొసల్లో మందమైన పలకలున్నా, అవి నిలువు గీతలో చిన్న వంపుతో కలుస్తాయి. అందుకే మొరటుగా ఉండదు. కాస్త ఇరుకుగా ఉంటుంది కాబట్టి లైన్లో ఎక్కువ చోటు తినదు. ఒక పదాన్ని ఎత్తి చూపిస్తుంది, మిగతా పదాలను తొక్కేయదు. బెస్లీ తన ప్రకటనల్లో గట్టిగా చెప్పుకున్నదీ ఇదే. డిక్షనరీలో వెతికే పదం లావుగా, అర్థం సన్నగా ఉంటుందే, ఆ పద్ధతికి ఈ టైపు సరిగ్గా సరిపోయింది. బ్రిటిష్ ప్రెస్సుల్లో బోల్డ్‌కు క్లారెండన్ అనేదే మారుపేరు అయింది.

ఇక్కడ ఇంకో పేరు చెప్పకపోతే అన్యాయం. ఈ అక్షరాలను చెక్కింది బెంజమిన్ ఫాక్స్. ఉక్కు ముక్క కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కాలి, దాన్ని రాగిలో గుద్దాలి, ఆ గుంటలో సీసం కలిసిన లోహం పోయాలి. ప్రతి సైజుకూ మళ్లీ మొదటినుంచే. అంత చాకిరీ చేసిన ఫాక్స్ పేరు ఇవాళ టైపు చరిత్ర చదివేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

చెక్కడానికి నెలలు పట్టే అక్షరాన్ని కాపీ కొట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. అందుకే బెస్లీ 1842 నాటి డిజైన్ల చట్టం కింద క్లారెండన్‌ను రిజిస్టర్ చేయించారు. ఒక టైపు డిజైన్‌కు అలాంటి రక్షణ దొరకడం అదే మొదలంటారు. గడువు మాత్రం మూడేళ్లే. అది ముగియగానే మిగతా ఫౌండ్రీలు తమ తమ క్లారెండన్‌లు దింపేశాయి. బెస్లీకి కోపం వచ్చింది, ఆ మాట దాచుకోలేదు కూడా. చేయగలిగింది ఏమీ లేదు. అయితే వ్యాపారం మునగలేదు. 1849లో థొరొగుడ్ తప్పుకున్నాక సంస్థ బెస్లీ పేరు మీదే నడిచింది. 1861లో ఆయన రిటైరయ్యారు. 1869లో లండన్ సిటీకి లార్డ్ మేయర్ అయ్యారు. 1876లో కన్నుమూశారు.

కాపీలే ఆ అక్షరాన్ని ప్రపంచం చుట్టించాయి. అమెరికాలో చెక్క దిమ్మెల మీద చెక్కి, పోస్టర్లకు వాడారు. ఒకప్పుడు అక్కడి నేషనల్ పార్కుల బోర్డుల మీదా క్లారెండనే ఉండేది. సోనీ లోగో చూడండి, కొసల్లో పలకలు కనిపిస్తాయి.

మీలో డీటీపీ, ఫ్లెక్స్ డిజైనింగ్ వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. స్లాబ్ సెరిఫ్ హెడ్డింగుకు, బోర్డుకు, లోగోకు బాగుంటుంది. పేజీ మొత్తం అదే నింపితే కళ్లు అలసిపోతాయి. మన తెలుగు అక్షరానికి సెరిఫ్ ఉండదు కాబట్టి, ఇంగ్లిష్ లైను పక్కన పెట్టేటప్పుడు కొసల్ని కాదు, మందాన్ని సరిచూడాలి. తెలుగులో మరీ లావు చేస్తే గుడి, ఒత్తుల మధ్య ఖాళీ పూడిపోతుంది. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన రామభద్ర ఫాంటును పెద్ద సైజులో ఒకసారి, చిన్న సైజులో ఒకసారి టైప్ చేసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

దాని పక్కన ఇంగ్లిష్‌కు పెట్టడానికి గూగుల్ ఫాంట్స్‌లో బెస్లీ అన్న పేరుతోనే ఒక స్లాబ్ సెరిఫ్ ఉంది. క్లారెండన్ బాటలో గీసినదే. కాపీల మీద అంత కోప్పడిన మనిషి పేరున్న ఆ ఫాంటును ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు.