అనీబిసెంటు: ఆరు పెన్నీల పుస్తకము

హోంరూలు ఉద్యమనాయకురాలుగను, 1917వ సంవత్సరపు కలకత్తా కాంగ్రెసు అధ్యక్షురాలుగను అనీబిసెంటు మనకు సుపరిచితురాలు. 1915లో మదనపల్లెయందు వెలసిన కళాశాల ఆమె పేరునే ధరించినది. కాని 1893లో భారతభూమిపై నడుగిడుటకు పదునాఱేండ్లు పూర్వమే ఆమె యొక చిన్న పుస్తకముకొఱకు లండనులో బోనెక్కిన వృత్తాంతము పలువు రెఱుగరు.

1847లో లండనున జన్మించిన ఈమె యిరువదవయేట నొక మతాచార్యుని పెండ్లాడి యిరువురు బిడ్డలకు తల్లియయ్యెను. మతవిశ్వాసము సడలగా 1873లో భర్తను వీడి, పిమ్మట చార్లెస్ బ్రాడ్లాతో కలసి స్వతంత్రభావప్రచారమునకు పూనుకొనెను.

అమెరికా వైద్యుడగు చార్లెస్ నోల్టన్ 1832లో సంతాననిరోధమునుగూర్చి యొక గ్రంథము ప్రకటించి చెఱసాల కేగెను. పటిక మొదలగు ద్రవ్యములు కలిపిన నీటిని పిచికారితో నెక్కించి కడుగుకొనుట యందు చెప్పిన ముఖ్యోపాయము. అది నమ్మదగినది కాదని తరువాతి వైద్యశాస్త్రము తేల్చినది. అయినను వరుస కాన్పులతో కృశించు పేదతల్లులకు నాడు అంతమాత్రపు జ్ఞానమైనను దుర్లభమే. 1877లో లండను ప్రకాశకుడు భయపడి నేర మంగీకరింపగా, బిసెంటు, బ్రాడ్లాలు ఆ గ్రంథమును తామే ముద్రించి, ఎప్పు డెక్కడ అమ్మబోవుదురో పోలీసులకు ముందుగనే తెలియజేసిరి.

ఆ జూను మాసమున విచారణ జరిగెను. ఆరు పెన్నీలకే ఎవరికైనను దొరకుట ప్రాసిక్యూషను వారి కొక పెద్ద ఆక్షేపణ. ధనికులు వైద్యుని రహస్యముగా అడిగి తెలిసికొనవచ్చును. కూలివాని భార్య తెలిసికొనుట నేరమట! బిసెంటు తన పక్షమును తానే వాదించుకొనెను. ఆరు మాసముల చెఱ, 200 పౌనుల జరిమానా విధింపబడినను, అభియోగపత్రమందలి లోపముచే 1878లో తీర్పు కొట్టివేయబడెను. అంతకుమున్ను ఏటికి వేయి ప్రతులైన సరిగా చెల్లని పుస్తకము కొలది మాసములలో లక్షకు పైగా అమ్ముడుపోయెను.

ఆమె చెల్లించిన మూల్యము వేఱు. ఆ సంవత్సరముననే న్యాయస్థానము ఆమె నాస్తికత్వమును, ఈ గ్రంథప్రకటనను కారణములుగా చూపి చిన్నారి కూతురు మేబెలును తండ్రికి అప్పగించెను. చెఱనుండి చట్టపులోప మామెను కాపాడెను గాని, బిడ్డను నిలుపుకొనుట కే లోపమును దొరకలేదు. పెరిగి పెద్దవారైన పిదపనే బిడ్డ లిరువురును తల్లిని చేరిరి.

సంతాననిరోధముపై తాను స్వయముగ వ్రాసిన గ్రంథమును, దివ్యజ్ఞానసమాజమున చేరిన పిదప 1891లో ఆమెయే యుపసంహరించుకొనెను. అభిప్రాయము మారినది, నమ్మినదానిని బహిరంగముగ జేసి ఫలమనుభవించు స్వభావము మాత్రము మారలేదు. 1917లో ఉదకమండలమున నిర్బంధమును లెక్కచేయని ధైర్యము నలువదేండ్లకు పూర్వమే లండను న్యాయస్థానమున పరీక్షింపబడినది. 1933లో అడయారున గతించిన ఆ వృద్ధనాయకురాలిని స్మరించునపుడు, బిడ్డను గోల్పోయిన ఆ యువతినిగూడ మనము స్మరింపవలెను.