తుదివరకు విద్యార్థి

1919లో వ్యావహారిక భాషా ప్రచారమునకై రాజమహేంద్రవరమున ఒక సమాజ మేర్పడినపుడు, దాని యధ్యక్షస్థానమును స్వీకరించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. అప్పటికి వారికి డెబ్బది యేండ్లు. పెదవులు కలియు నక్షరమే లేకుండ, అచ్చతెలుగు మాటలతోనే నైషధకథను పద్యకావ్యముగా రచించి పండితుల మెప్పు పొందిన కవి, వార్ధక్యమున వాడుక భాష పక్షమున నిలుచుట వింతగా తోపవచ్చును. కాని వారి జీవితము నెఱిగినవారి కందు వింత యేమియు లేదు.

1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిన వీరేశలింగముగారు నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయిరి. పెదతండ్రి యండయు, తల్లి పున్నమ్మగారి ప్రేమయు వారిని పెంచినవి. బాల్యమునుండి దగ్గు, ఉబ్బసము వారిని వదలలేదు. చదువు ముగిసిన పిదప సర్కారు కొలువులలోని లంచగొండితనమునకు రోసి, ఉపాధ్యాయ వృత్తిని చేపట్టిరి. కోరంగిలోను, ధవళేశ్వరములోను పాఠములు చెప్పుచునే తాము చదువుట మానలేదు.

ధవళేశ్వరమున నుండగా 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించిరి. ఆ యేడే బాలికలకు పాఠశాల తెఱచిరి. తొలుత పత్రికలోని వచనము ప్రౌఢముగా నుండెడిది. లంచములను, వేశ్యాలోలతను, మూఢాచారములను ఖండించు వ్రాత సామాన్యునకు బోధపడనిచో దాని ప్రయోజన మేమి? ఈ ప్రశ్న వారిని కదలించెను. చిన్నయసూరి మార్గమున ‘సంధి’, ‘విగ్రహము’ వ్రాసిన కలమే క్రమక్రమముగా సులభశైలికి అలవాటుపడెను. కష్టపడి నేర్చినదానిని విడుచుట, క్రొత్తదానిని నేర్చుటకంటె కష్టము. ఆ కష్టమునకు వారు వెనుదీయలేదు. గోల్డుస్మిత్ నవలను చదివి, ఆ స్ఫూర్తితో తెలుగువారి యింటి కథగా ‘రాజశేఖర చరిత్రము’ను రచించిరి. ప్రహసనములు, ప్రకృతిశాస్త్ర గ్రంథములు, కవుల చరిత్రములు, స్వీయచరిత్రము ఆ కలమునుండియే వెలువడినవి.

1881 డిసెంబరు 11వ తేదీ వారి నాయకత్వమునకు పరీక్షాదినము. ఆనాడు రాజమహేంద్రవరమున తమ యింట గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ అను వధూవరులకు తొలి వితంతు వివాహమును జరిపించిరి. తోడ్పడుదుమని మాట యిచ్చినవారిలో పలువురు వెలికి వెఱచి ముఖము చాటువేసిరి. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు రారైరి. అపుడు భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తి గోదావరికి నడచిరి. అందరికి తామే వండి పెట్టిరి. విద్యార్థులు కావలి నిలిచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చి యాదుకొనిరి. నాయకు డొక్కడే సర్వము చేయజాలడు. ఎవరి శక్తికి తగిన పని వారి కప్పగించి, నిందను మాత్రము తాను ముందుగా భరించువాడే నాయకుడు. పంతులుగారు చేసిన దదియే.

పెండ్లితో పని ముగియదని వారు త్వరలోనే గ్రహించిరి. బంధువులు వెలివేసిన దంపతులకు నీడ కావలెను, జీవనోపాధి కావలెను. దిక్కులేని వితంతువులకు శరణాలయము కావలెను. ఉపన్యాసము చెప్పుట తేలిక. ఈ భారమును నెలనెలా మోయుట తేలిక గాదు. తాము గతించిన పిదపను పని సాగవలెనని తలచి 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తి నంతయు దాని కర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూసిరి. ఆ లోటు తీరనిదే యయినను పని యాగలేదు.

అచ్చయిన తమ గ్రంథమును సయితము వారు ముగిసినదానిగా నెంచలేదు. క్రొత్త యాధారములు దొరకినకొలది ‘ఆంధ్రకవుల చరిత్రము’ను దిద్దుచునే యుండిరి. ఆ పనిమీదనే చెన్నపట్నమునకు వెళ్లి, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట నుండగా 1919 మే 27వ తేదీన తుదిశ్వాస విడిచిరి. ఉపాధ్యాయుడై జీవితమారంభించిన యా మహనీయుని చేత చివరిదినములందును దిద్దవలసిన పుట యొకటి మిగిలియే యుండెను.