ఓడదొంగయైన పెద్దమనిషి

ఓడదొంగ యెవడును ఓడను డబ్బిచ్చి కొనడు; దోచుకొనును. స్టీడ్ బానెట్ మాత్రము సొంత సొమ్ముతో ఓడను సమకూర్చుకొని, నావికులకు జీతములు ఏర్పరచి, అందులో ఒక గ్రంథాలయమును కూడ అమర్చుకొని దొంగతనమునకు బయలుదేరెను. ఇట్టివాడు నవ్వులపాలగుట సహజమే. కాని మూడువందల సంవత్సరముల తరువాత అతడొక ప్రేమకథకు నాయకుడగునని ఎవరనుకొనగలరు?

బానెట్ 1688లో వెస్టిండీసు దీవులలోని బార్బడోసునందు ఆంగ్లేయ కుటుంబములో జన్మించెను. తండ్రి ఎడ్వర్డు 1694లో మరణించుటచే, ఆరేండ్ల బాలునికి నాలుగువందల యెకరములకు పైబడిన తోట సంక్రమించెను. ఆ దీవి సంపదకు మూలము చెరకు. ఆ చెరకును పండించినవారు ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన బానిసలు. బానెట్ చదివిన పుస్తకములకును, ధరించిన మేలిబట్టలకును వారి చెమటయే పెట్టుబడి. అతని ప్రణయకథను చెప్పుకొనువారు ఈ సంగతిని తరచుగా దాటిపోవుదురు.

1709లో అతడు మేరీ ఆలంబీ అను కన్యను వివాహమాడెను. నలుగురు పిల్లలు కలిగిరి; తొలికుమారుడు బాల్యములోనే గతించెను. బానెట్ ఆ దీవి సైన్యములో మేజరు పదవిని పొందెను. ఊరిలో గౌరవము, ఇంట సంసారము, పెట్టెలో ధనము ఉన్న ఆ మనిషి 1717లో భార్యాబిడ్డలను విడిచి సముద్రము మీదికి పోయెను. 1724లో వెలువడిన ఓడదొంగల చరిత్రలో కెప్టెన్ చార్లెస్ జాన్సన్ దీనికి మనోవైకల్యమును, దాంపత్యములోని అసంతృప్తిని కారణములుగా చెప్పెను. ఆ యిల్లాలి వాదమును మాత్రము ఎవరును వ్రాసిపెట్టలేదు. చనిపోయిన బిడ్డను తలచుకొని కుమిలినవాడో, లేక ఉన్న బిడ్డలను మరచినవాడో, ఏ తీర్పు చెప్పుటకైనను జంకవలసినదే.

అతని ఓడ పేరు రివెంజ్, అనగా ప్రతీకారము. ఎవరిపైనో తెలియదు! పది ఫిరంగులు, సుమారు డెబ్బది మంది మనుష్యులు. యజమానికి నౌకాయానములో ఓనమాలు కూడ రావు. అయినను వర్జీనియా తీరమున కొన్ని ఓడలను పట్టుకొనెను. అందులో ఒకటి బార్బడోసుదే, దానిని తగులబెట్టించెను. తన పేరు స్వగ్రామమునకు చేరునని భయపడెను కాబోలు. తరువాత స్పెయిను యుద్ధనౌకనొకదానిని ఎదిరించి, తాను తీవ్రముగా గాయపడి, మనుష్యులనేకులను పోగొట్టుకొని, బహమాలోని నాసౌ రేవును చేరుకొనెను. అచ్చటనే ఎడ్వర్డ్ టీచ్ పరిచయమయ్యెను. లోకము అతనిని నల్లగడ్డమువాడని, బ్లాక్‌బియర్డ్ అని పిలిచెను.

గాయపడిన బానెట్ ఓడ నడుపు భారమును టీచ్‌కు అప్పగించి తాను విశ్రాంతి గైకొనెను. ఉదయపు దుస్తులలోనే ఓడపై తిరుగుచు పుస్తకములతో ప్రొద్దుపుచ్చుచున్నాడని 1717లో బోస్టను పత్రిక ప్రకటించెను. టీచ్ తత్త్వము వేరు. యుద్ధ సమయమున టోపీ క్రింద నిప్పువత్తులు వ్రేలాడదీసికొని పొగల నడుమ దయ్యమువలె కనిపించెడివాడట. విచిత్రమేమనగా, తన తుది పోరాటమునకు ముందు అతడు ఎవనినైనను చంపినట్లు నమ్మదగిన ఆధారము లేదని చరిత్రకారులు చెప్పుచున్నారు. భయమే అతని ఆయుధము; పేరే అతని ఫిరంగి. ఒకడు వీరుని వేషమునకు చాలనివాడు, మరియొకడు రాక్షసుని వేషమును విప్పలేనివాడు.

2022లో అమెరికాలో ప్రారంభమైన అవర్ ఫ్లాగ్ మీన్స్ డెత్ అను టెలివిజన్ ధారావాహికకు ఈ స్నేహమే బీజము. రీస్ డార్బీ బానెట్‌గాను, తైకా వైతీతీ టీచ్‌గాను నటించిరి. వీరిద్దరిని ప్రేమికులుగా చిత్రించిన ఆ కథకు అభిమానులు అసంఖ్యాకులైరి. వారి చర్చలలో తరచుగా వచ్చు మాట ప్రేమకంటె ఆత్మన్యూనత. అందులోని టీచ్ చిన్ననాట తల్లి చూపిన పట్టుగుడ్డ ముక్కను దాచుకొనియుండును. ఇటువంటివి మనవంటివారికి కావని ఆమె చెప్పిన మాటను కూడ దానితోనే దాచుకొనెను. బానెట్ ఆ గుడ్డను మడిచి అతని కోటు జేబులో అమర్చి, నీకిది తగునని చెప్పిన ఘట్టము మిక్కిలి సున్నితమైనది. తన అర్హతను తానే నమ్మనివానికి మరియొకని ఆదరణ ఎంత బలమిచ్చునో, దానిని పోగొట్టుకొందునను దిగులును అంతగానే పెంచును. బానెట్ కూడ ఈ దిగులునకు అతీతుడు కాడు. తాను తాకినదెల్ల పాడగునని అతని నమ్మకము.

చరిత్ర ఇంత మెత్తనిది కాదు. 1717 నవంబరులో టీచ్ ఫ్రెంచివారి బానిసల ఓడను పట్టుకొని, దానికి క్వీన్ ఆన్స్ రివెంజ్ అని పేరు పెట్టెను. ఇరువురును కొంతకాలము విడిపోయిరి. 1718 మార్చిలో బానెట్ హోండురాసు ప్రాంతమున ఒక పెద్ద వర్తకపు ఓడను పట్టబోయి విఫలుడయ్యెను. మరల టీచ్ ఎదురుపడగానే బానెట్ మనుష్యులు అతని పక్షము చేరిరి. టీచ్ రివెంజ్‌కు వేరొక నాయకుని నియమించి, బానెట్‌ను తన ఓడలో అతిథిగా నుంచెను. అతిథి యన్నది మర్యాదకు మాత్రమే. ఏ స్పెయినుకో పోర్చుగలుకో పోయి తలదాచుకొందునని, ఆంగ్లేయుని ముఖము చూచుటకే సిగ్గగుచున్నదని బానెట్ కొందరితో చెప్పుకొనెనట.

ఆ మే నెలలో టీచ్ చార్లెస్టను రేవును దిగ్బంధించి, బందీల విడుదలకు మందుల పెట్టెను బదులడిగి పుచ్చుకొనెను. జూనులో అతని పెద్ద ఓడ ఉత్తర కరోలినా తీరమున నేలపట్టెను. బానెట్ బాత్ పట్టణమునకు పోయి గవర్నరు చార్లెస్ ఈడెన్ వలన రాజక్షమాపణ పొంది తిరిగి వచ్చుసరికి, టీచ్ సామగ్రినంతయు ఊడ్చుకొని, సుమారు ఇరువదియైదుగురిని ఒక ఇసుకదిబ్బపై వదలిపెట్టి మాయమైయుండెను. బానెట్ వారిని కాపాడి, టీచ్‌ను వెదకెను. మరల ఎన్నడును కలిసికొనలేదు.

ధారావాహిక ఈ ద్రోహమునకు వేరు కారణము కల్పించినది. అందులో ముందు విడిచిపోయినవాడు బానెట్. తన ప్రేమ ఎదుటివానికి చేటని తలచి భార్యవద్దకు తిరిగిపోవును. విడువబడిన టీచ్ మెత్తదనమును చంపుకొని, అతని వస్తువులను సముద్రములో పారవేయించి, నావికులను దిబ్బపై దింపును. లోపలి గాయము బయటి క్రౌర్యమగుట ఇందు చక్కగా చూపబడినది. కాని నిజమైన బానెట్ ఇంటికి పోనేలేదు. నిజమైన టీచ్‌కు కావలసినది వాటాదారులు తగ్గుట. నేలపట్టిన ఆ ఓడ 1996లో బయటపడినది; దాని ఫిరంగి భాగమునందు చిక్కిన కాగితపు తునకలు 1712లో ముద్రితమైన ఎడ్వర్డ్ కుక్ సముద్రయాన గ్రంథమునకు చెందినవని 2018లో ప్రకటించిరి. అది బానెట్ పుస్తకమే యని చెప్పుటకు ఆధారము లేదు. అయినను అభిమానులు అట్లు తలచిన తప్పుపట్టరాదు.

క్షమాపణ పొందినవాడు బుద్ధిగా నుండిన బాగుండెడిది. బానెట్ కెప్టెన్ థామస్ అని పేరు మార్చుకొని, ఓడకు రాయల్ జేమ్స్ అని పేరు పెట్టి, మరల దోపిడికి దిగెను. 1718 సెప్టెంబరు 27న కేప్‌ఫియర్ నదిలో కర్నల్ విలియం రెట్ అతనిని ముట్టడించెను. ఇరుపక్షముల ఓడలును ఇసుకలో దిగబడి కొన్ని గంటలు కాల్చుకొనెను. పోటువచ్చి రెట్ ఓడ ముందుగా తేలెను. మందుగుండును అంటించి ఓడను పేల్చివేయుమని బానెట్ ఆజ్ఞాపించెను, నావికులు వినలేదు. ఈసారి అతడు పిరికివాడు కాకపోయెను, కాని వినువారు లేరు.

చార్లెస్టనులో నిర్బంధములోనున్న బానెట్ అక్టోబరు 24న తప్పించుకొని, కొలది దినములకే మరల చిక్కెను. నవంబరు 12న న్యాయమూర్తి నికొలస్ ట్రాట్ మరణశిక్ష విధించెను. ప్రాణభిక్ష కోరుచు అతడు గవర్నరునకు దీనమైన లేఖ వ్రాసెను. పట్టణములో కొందరికి జాలి కలిగెను. ఈలోగా నవంబరు 22న ఓక్రకోక్ దీవివద్ద లెఫ్టినెంటు రాబర్ట్ మేనార్డ్ దళముతో పోరాడి టీచ్ మరణించెను. ధారావాహిక రెండవ భాగము 2023లో ఇద్దరిని కలిపి, ఒడ్డున ఒక సత్రమునిచ్చి ముగించెను. ఆపై అది కొనసాగలేదు.

1718 డిసెంబరు 10న వైట్ పాయింటు అనుచోట బానెట్‌ను ఉరితీసిరి. సంకెళ్ళు వేసిన చేతులలో అతడు ఒక చిన్న పూలగుత్తిని పట్టుకొనియుండెను.