బడి విడిచినా పంతులుగారే

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా ప్రజలు తమ తొలి అధ్యక్షుణ్ణి 'మ్వాలిము' అని పిలుచుకున్నారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు పంతులుగారు అని అర్థం. ఆయనే జూలియస్ నైరేరే.

1922లో బుటియామా గ్రామంలో, జనాకీ తెగ నాయకుని ఇంట ఆయన జన్మించారు. పన్నెండేళ్ళు వచ్చేవరకు బడి ముఖం చూడలేదు. 1943లో జ్ఞానస్నానం పొందారు. ఉగాండాలోని మకెరెరె కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, టబోరాలోని పునీత మరియమ్మ పాఠశాలలో పనిచేశారు. 1952లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని వచ్చి, దారెస్సలాం దగ్గర పుగులోని కతోలిక పాఠశాలలో చేరారు.

అప్పుడు ఆ దేశం బ్రిటిష్ వారి పాలనలో ఉంది. 1954లో స్వాతంత్ర్యం కోసం 'టాను' పార్టీ ఏర్పడింది. నైరేరే దానికి అధ్యక్షులయ్యారు. బడి కావాలో, పార్టీ కావాలో తేల్చుకోవలసిన రోజు వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళే. ఇంటికి ఆధారం ఆ జీతమే. అయినా 1955లో ఉద్యోగం వదులుకున్నారు. స్వగ్రామం వెళ్ళి, మిషనరీ గురువులకు తన మాతృభాష నేర్పుతూ కొన్నాళ్ళు గడిపారు.

1957లో ప్రభుత్వం ఆయనను శాసన మండలికి నియమించింది. స్వాతంత్ర్యం వైపు అడుగు పడకపోవడంతో కొద్ది నెలలకే ఆ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. 1958లో ప్రజల ఓట్లతో అదే సభకు తిరిగి వచ్చారు. 1961 డిసెంబరు 9న రక్తపాతం లేకుండా దేశం స్వతంత్రమైంది. మరుసటి ఏడాది ఆయన అధ్యక్షులయ్యారు.

పల్లెపల్లెకూ బడి, పెద్దలకూ అక్షరం అన్నది ఆయన పట్టుదల. ఆ పని చాలావరకు నెరవేరింది. అయితే అన్నీ మంచే జరగలేదు. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం ఆయన కాలంలోనే వచ్చింది. ఒకే పార్టీ పాలన సాగింది. 'ఉజమా' సమష్టి గ్రామాల కోసం 1970లలో లక్షలాది రైతులను బలవంతంగా తరలించారు. పంటలు దెబ్బతిన్నాయి, పేదరికం పోలేదు. ఆ విధానంలో పొరపాట్లు జరిగాయని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

1985లో ఎవరూ దింపకుండానే పదవి దిగి, బుటియామాకు చేరి వ్యవసాయం చేసుకున్నారు. 1995లో మన దేశం తొలి గాంధీ శాంతి బహుమతిని ఆయనకే ప్రకటించింది. 1999 అక్టోబరు 14న లండన్‌లో కన్నుమూశారు. 2005లో ముసోమా మేత్రాసనం ఆయన పునీత పట్టానికి విచారణ ప్రారంభించింది. శ్రీసభ ఆయనను దైవసేవకుడు అంటోంది.

పదవిలోకి వెళ్ళడం చాలామందికి తెలుసు. తప్పు ఒప్పుకోవడం, వేళకు దిగిరావడం కొందరికే తెలుసు. మన పిల్లలకు ఈ పంతులుగారి కథ చెప్పేటప్పుడు ఆ రెండు పాఠాలనూ మరువకుండా చెబుదాం.