చేతికి తగ్గ చదువు - చిత్రకారుడు దామెర్ల రామారావు జీవితం



పదో తరగతి అయిపోతోందంటే చాలు, ఎవరు కనబడ్డా ఒకటే అడుగుతారు. ఎంపీసీ తీసుకుంటావా, బైపీసీనా అని. మన హాస్టల్లో రంగోలి వేస్తే పది మంది నిలబడి చూసేంత బాగా వేసేవాళ్లున్నారు. నోటు పుస్తకం వెనక పేజీల నిండా బొమ్మలు గీసేవాళ్లున్నారు. వాళ్లను మాత్రం దేనికి పోతావని ఎవరూ అడగరు. బొమ్మలు గీస్తే కూడు పెడతదా అంటారు, అంతే. అందుకే ఈసారి మన గోడపత్రికలో, బొమ్మల చదువునే వెతుక్కుంటూ పోయిన ఒక మనిషి గురించి రాస్తున్నాను.

ఆయన దామెర్ల రామారావు. గోదావరి ఒడ్డున రాజమండ్రిలో 1897 మార్చి 8న పుట్టాడు. చిన్నతనం నుంచీ ఆయన ధ్యాసంతా బొమ్మల మీదే. ఆ రోజుల్లో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్. ఆయన కూడా బొమ్మలు వేసేవాడు, మన దేశపు కళ అంటే ప్రాణం పెట్టేవాడు. రామారావు చేతిలో పని ఉందని ఆయన గుర్తుపట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆర్ట్స్ కాలేజీ అని పేరేగాని అక్కడ బొమ్మలు నేర్పరు. చరిత్ర, సాహిత్యం లాంటివి చెబుతారు. మన సుబేదారిలో ఉన్న ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ పేరు చూసి కూడా పొరబడొద్దు. బీఏ వేరు, బీఎఫ్ఏ వేరు. బొమ్మల డిగ్రీ బీఎఫ్ఏ.

కూల్డ్రే దొర రామారావును తన కాలేజీలోనే కూర్చోబెట్టుకోలేదు. బొంబాయిలోని సర్ జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించాడు. అది 1916 ప్రాంతం. అక్కడి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ రామారావు పట్టుకొచ్చిన బొమ్మలు చూసి, మొదటి ఏడాదిలో కాకుండా పై తరగతిలోనే చేర్చుకున్నాడు. చూశారా! కాలేజీలో చేరినాక గీయడం మొదలుపెట్టలేదు ఆయన. గీసి గీసి ఉన్నాడు కాబట్టే సీటు వచ్చింది.

ఆ కాలంలో చిత్రకళ నేర్చుకోవడానికి దేశంలో రెండు పెద్ద దారులుండేవి. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యులు పలచని రంగులతో, ఊహతో పురాణాల బొమ్మలు వేసేవారు. బొంబాయిలో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని ఎముక, కండ, వెలుగు, నీడ చూసి గీయడం నేర్పేవారు. రామారావు బొంబాయిలో చెయ్యి గట్టిపరుచుకొని 1920లో చదువు ముగించాడు. కానీ ఆ పద్ధతినే పట్టుకు వేలాడలేదు. అజంతా గోడల మీద ఉండే లాంటి గీతను, మన ఆడవాళ్లు నీళ్లు తెచ్చుకోవడం, పూలు ముడుచుకోవడం లాంటి రోజువారీ సంగతులను కలుపుకొని తనదైన పద్ధతి తయారు చేసుకున్నాడు. కాలేజీ ఆయనకు చెయ్యిని ఇచ్చింది. ఏం గీయాలన్నది మాత్రం ఆయన గోదావరి నుంచే తెచ్చుకున్నాడు.

1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఆయన వేసిన ఋష్యశృంగుడి చిత్రానికి బహుమతి వచ్చింది. అంత పేరు వచ్చినా పెద్ద పట్నంలో ఉండిపోలేదు. రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, తను నేర్చింది ఊరివాళ్లకు నేర్పాడు. వరదా వెంకటరత్నం లాంటి వారు ఆయన వెంట నడిచారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఆడపిల్లలకెందుకు బొమ్మలు అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి రామారావు చనిపోయాడు. నిండా ఇరవై ఎనిమిదేళ్లు కూడా లేవు. చదువు ముగిసి అయిదేళ్లు కాకముందే పోయాడు. అయినా వందేళ్ల తర్వాత కూడా రాజమండ్రిలో ఆయన పేరు మీద చిత్రశాల ఉంది. ఆయన వేసిన బొమ్మలు అక్కడ గోడల మీద ఉన్నాయి.

అందరి దారీ ఇట్లనే ఉండాలని లేదు. అదే కూల్డ్రే దొర దగ్గర చదివిన ఇంకో శిష్యుడు అడవి బాపిరాజు. ఆయన బీఏ చదివి, మద్రాసులో లా చదివి, కొంతకాలం ప్లీడరుగా కూడా చేశాడు. బొమ్మలను మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత ఆ కాలేజీకే ప్రిన్సిపాల్ అయ్యాడు. మన ఓరుగల్లు కాకతీయుల కాలం మీద గోన గన్నారెడ్డి నవల రాసింది ఆయనే. ఒకే గురువు, ఇద్దరు శిష్యులు, రెండు దారులు. ఒకరు నేరుగా పోయారు, ఒకరు చుట్టూ తిరిగి వచ్చారు. ఇద్దరూ బొమ్మ గీయడం మాత్రం మానలేదు.

ఇప్పుడు మన సంగతి. బొంబాయి దాకా పోనక్కర లేదు. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. ప్రవేశ పరీక్షలో బొమ్మ గీసి చూపించాలి. అందులోనూ రకాలున్నాయి. రంగులంటే ఇష్టమున్నోళ్లకు పెయింటింగ్, మట్టి, రాయి, కర్ర పట్టుకునేవాళ్లకు శిల్పం, అక్షరాలు, ప్రకటనలు, పుస్తకాల అట్టలు వేసేవాళ్లకు అప్లైడ్ ఆర్ట్, ఇంకా ఫొటోగ్రఫీ, యానిమేషన్. స్నేహితుడు చేరాడని చేరితే నాలుగేళ్లు బరువైపోతాయి. నీ చెయ్యి ఏ పని దగ్గర విసుగు లేకుండా గంటసేపు ఉంటదో చూసుకోవాలి.

మన దగ్గర ఇంకోటి ఉంది. నాయకపోడుల ముసుగులు, లంబాడీల అద్దాల కుట్టు, కోయల డోలు. ఇవన్నీ మన అమ్మలు, తాతలు ఏ కాలేజీకి పోకుండానే నేర్చుకున్నవి. వీటి మీద పని చేయడానికే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన వరంగల్‌లో ఉంది. రామారావుకు గోదావరి ఎట్లనో, మనకు మన తండా, మన గూడెం అట్ల.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గీసిన బొమ్మలు చింపేయకండి, కింద తారీఖు వేసి దాచండి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు ఎప్పుడు కట్టాలో సార్లను అడగండి. వార్డెన్ గారికి ఒక మనవి: పెద్ద పరీక్షలు అయిపోయాక ఆదివారం పూట ఒక గంట బొమ్మలకు ఇప్పించండి. మన చేతిలో ఏముందో చూసి చెప్పే కూల్డ్రే దొర మనకూ ఒకరు కావాలి గదా.