గోరా: నమ్మకం ఎవరి సొత్తు?

మనిషికి దైవం మీద నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది? దీనికి లోకంలో మూడు జవాబులు వాడుకలో ఉన్నాయి. పెంపకంలో వస్తుందన్నది మొదటిది. రుజువులు చూశాక కుదురుతుందన్నది రెండోది. ఎవరికి వారు ఆలోచించి నిశ్చయించుకున్నదే నమ్మకం, తక్కినదంతా అలవాటేనన్నది మూడోది. కాలేజీ హాస్టళ్ళలో అర్ధరాత్రి దాకా సాగే వాదోపవాదాల్లో ఈ మూడూ వినిపిస్తాయి. తెల్లారేసరికి ఎవరి జవాబు వారి దగ్గరే ఉంటుంది.

నా మటుకు నాకు మొదటి జవాబే వర్తిస్తుంది. మాది పట్టిసీమ. గోదావరి మధ్య కొండ, కొండ మీద వీరభద్రస్వామి. శివరాత్రికి ఊళ్ళకు ఊళ్ళు రేవు దాటి అవతలికి వెళతాయి. అక్కడ పుట్టిన పిల్లవాడు గోదావరి ఉందా అని ఎట్లా అడగడో, స్వామి ఉన్నాడా అనీ అట్లాగే అడగడు. నేనూ అడగలేదు. ఈనాటికీ నేను ఆస్తికుణ్ణే. అయితే ఇదే నేను మరో మతం వారి ఇంట పుట్టి ఉంటే, ఇంతే భక్తితో మరో దేవుడికి మొక్కుతూ ఉండేవాణ్ణన్న సంగతి మాత్రం కాదనలేను.

ఈ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, నా భక్తికి పూర్తిగా ఎదురు తిరిగిన మనిషిని ఎంచుకున్నాను. ఆయన గోపరాజు రామచంద్రరావు గారు. ఇంటి పేరులోంచి ఒక అక్షరం, పేరులోంచి ఒక అక్షరం కలిసి గోరా అయ్యారు. పైన చెప్పిన మూడు జవాబులనూ ఒక్క జన్మలో అనుభవించి చూసినవాడు, ప్రతి మెట్టు దగ్గరా మూల్యం చెల్లించినవాడు తెలుగుదేశంలో ఆయన కంటె నాకు కనిపించలేదు.

గోరా 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. ఇంట్లో ఏ ఆచారాలు ఉన్నాయో ఆయనకూ అవే వచ్చాయి. తన చిన్నతనం అందరి చిన్నతనం లాగానే పూజలతోనూ మూఢనమ్మకాలతోనూ గడిచిందని ఆయనే రాసుకున్నారు. పుట్టుకతో నాస్తికుడు కాదన్నమాట. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో చదివారు. అదే కళాశాలకు 1904 నుంచి 1919 దాకా రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాలు. ఆయన బ్రహ్మసమాజికులు, పరమ ఆస్తికులు. అంటరానివారని పేరు పెట్టి దూరంగా ఉంచిన పిల్లలను ఆ దైవభక్తితోనే అక్కున చేర్చుకున్నారు. గోరా ఆ పనే దేవుడు లేడంటూ చేశారు. ఒకే కళాశాల మెట్లెక్కిన ఇద్దరూ ఇంత దూరం వెళ్ళి, చివరికి ఒకే పనికి చేయి వేయడం గమనించవలసిన విషయం.

తరువాత గోరా మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి ఎమ్మే పట్టం పుచ్చుకున్నారు. 1922లో సరస్వతి గారితో పెళ్ళయింది. అప్పటికి ఆమెకు పదేళ్ళు. ఆ పెళ్ళి కూడా పెంపకం చేయించిన పెళ్ళే.

మొదటి ఉద్యోగం మధుర అమెరికన్ కాలేజీలో. అక్కడివారు ఆయనకు ఒక దారి చూపించారు. క్రైస్తవం పుచ్చుకుంటే అమెరికా వెళ్ళి యేల్ విశ్వవిద్యాలయంలో పైచదువు చదవవచ్చునన్నారు. పాతికేళ్ళయినా నిండని లెక్చరరుకు అది చిన్న మాట కాదు. గోరా ఒప్పుకోలేదు. అయితే ఆయన ఒప్పుకోకపోవడం హిందూమతం మీద పట్టుదల వల్ల కాదు. చదువు కోసం ఒక మతం మారవచ్చునంటే, అసలు మతం అన్నది ఏమిటి, నా మతం నాదెట్లా అయింది అన్న ప్రశ్న ఆయనను పట్టుకుంది. చాలామందికి ఆ ప్రశ్న వస్తుంది, పోతుంది. ఆయనకు వచ్చి పోలేదు.

అప్పటికే ఆయనకు పరీక్ష చేసి చూసే అలవాటు ఉంది. దయ్యాల కొంప అని పేరుబడ్డ ఇంట్లో కావాలని కాపురం ఉన్నారు. ఏ దయ్యమూ రాలేదు. కోయంబత్తూరులో కొంతకాలం వ్యవసాయ పరిశోధన చేసి, ఆ తరువాత కొలంబోలో బౌద్ధుల ఆనంద కళాశాలకు వెళ్ళారు. సరస్వతి గారు గర్భవతిగా ఉండగా అక్కడ గ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్న ఆడది గ్రహణం చూస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని మన ఇళ్ళల్లో ఎంత భయమో చెప్పనక్కరలేదు. తలుపులు మూసి, కదలకుండా పడుకోబెడతారు. సరస్వతి గారు బయటికి వచ్చి గ్రహణం చూశారు. బిడ్డ నిక్షేపంగా పుట్టింది.

ఇక్కడ మనం కాస్త నిలబడి ఆలోచించాలి. ఈ పరీక్ష వల్ల ఏం తేలింది? గ్రహణం చూస్తే మొర్రి తప్పదన్న మాట ఒక్క బిడ్డతో వీగిపోయింది. తప్పక జరిగి తీరుతుందన్న మాటను కూల్చడానికి ఎదురు ఉదాహరణ ఒక్కటి చాలు. శాస్త్రం చదివినవారికి ఇది తెలుసు. కాని దేవుడు లేడని దీనివల్ల తేలిందా? తేలలేదు. దయ్యం రాలేదు కనుక దేవుడు లేడనడం తర్కం కాదు. రుజువు అన్న కత్తెర మూఢనమ్మకాలను కత్తిరించగలదు గాని, దైవం అన్న భావం దగ్గరికి వచ్చేసరికి దానికి పట్టు దొరకదు. నేను ఆస్తికుణ్ణి కాబట్టి అంటున్న మాట కాదిది. గోరా గారి తరువాతి జీవితం చూస్తే ఆయనా కేవలం రుజువుల దగ్గర ఆగిపోలేదని తెలుస్తుంది. దేవుడు ఉన్నాడా లేడా అన్నదానికంటె, ఆ నమ్మకం మనిషిని ఏం చేస్తోందన్నదే ఆయనకు పెద్ద ప్రశ్న అయింది.

1928లో కాకినాడ తిరిగి వచ్చి తాను చదువుకున్న కళాశాలలోనే అధ్యాపకులయ్యారు. జంధ్యం తీసేశారు. కులం వెలివేసింది, కన్నతండ్రి ఇంట్లో చోటు పోయింది. అప్పటికి సరస్వతి గారి వయస్సు పదహారు. అయినా భర్త వెంట గడప దిగారు. ఆమెది భర్త మీద నమ్మకమా, స్వంత నిశ్చయమా అని ఎవరైనా అడగవచ్చు. మొదట మొదటిదే అయి ఉండవచ్చు. కాని 1942 ఉద్యమంలో పసిబిడ్డను చంకన వేసుకుని జైలుకు వెళ్ళిన మనిషిని, భర్త పోయాక ముప్పై ఏళ్ళకు పైగా, 2006లో కన్నుమూసేదాకా ఆ పని వదలని మనిషిని, ఎవరి నీడో అనడానికి నోరు రాదు.

1933లో గోరా గారి ఉద్యోగం ఊడింది. పాఠం సరిగా చెప్పడం లేదని కాదు, నాస్తికుడని. తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరారు. అక్కడా నాస్తికత్వం దగ్గరే పేచీ వచ్చి, 1940 నాటికి ఆయన కాలేజీ జీవితం పూర్తిగా ముగిసింది. క్రైస్తవుల కాలేజీలో, బౌద్ధుల కాలేజీలో, హిందువుల కాలేజీలో, మూడింటిలోనూ పాఠం చెప్పిన మనిషి చివరికి ఏ కాలేజీకీ పనికిరాకుండా పోయారు. ఆ మాట ఒక్కటి పైకి అనకుండా ఉండి ఉంటే హాయిగా పెన్షను పుచ్చుకునేవారు. మనసులో ఏమున్నా పైకి అనకుండా నెట్టుకొచ్చేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

1940 ఆగస్టులో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. పేరు నాస్తిక కేంద్రమే గాని, పని అంటరానితనం మీద. మాల మాదిగ పేటల్లో తిరగడం, వయోజనులకు చదువు చెప్పడం, అన్ని కులాల వారినీ ఒక్క బంతిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించడం. పూర్వజన్మ కర్మ వల్ల ఇట్లా పుట్టామని నమ్మినవాడు తలెత్తడు, వాడి తల వంచేవాడికీ సిగ్గు ఉండదు, కనుక ముందు ఆ నమ్మకం పోవాలన్నది ఆయన వాదం. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

గాంధీజీతో ఆయన సంబంధం అన్నిటికంటె విశేషమైనది. 1930లోనే దేవుడంటే మీ అర్థం ఏమిటని గాంధీజీకి ఉత్తరం రాశారు. దైవం మనిషి బుద్ధికి అందనిదని జవాబు వచ్చింది. 1941లో మళ్ళీ రాస్తే, నాస్తికత్వం వల్ల ఏమీ ఒరగదన్న ధోరణిలో గాంధీజీ మాట తుంచేశారు. గోరా విడిచిపెట్టలేదు. 1944 చివర సేవాగ్రాం వెళ్ళి కలుసుకున్నారు. బెంగాలు కరువులో కలకత్తా వీధుల్లో, ఎదురుగా మిఠాయి దుకాణం ఉండగానే మనుషులు చెయ్యి చాచకుండా ప్రాణాలు వదలడం తాను చూశానని, అంతా దైవలిఖితం అన్న నమ్మకమే వారి చేతులు కట్టేసిందని చెప్పారు. గాంధీజీ ఓపికగా విన్నారు. వాదంలో ఎవరు గెలిచారని లెక్క తీయడం అనవసరం. తన ఆస్తికత్వమే రైటని గాని, గోరా నాస్తికత్వం తప్పని గాని తాను చెప్పలేనని, ఇద్దరమూ సత్యాన్ని వెతికేవాళ్ళమేనని ఒప్పుకునేదాకా వచ్చారు బాపూజీ. దేవుడే సత్యం అనే మాటను తిరగవేసి, సత్యమే దేవుడు అనడం ఆయన అంతకు చాలా ముందే మొదలుపెట్టారు. ఆ మాట నాస్తికుడు కూడా నిలబడగల చోటు అయింది.

ఇది మాటలతో పోలేదు. గోరా గారు తమ పెద్దమ్మాయి మనోరమను హరిజన యువకుడు అర్జునరావు గారికి ఇవ్వడానికి నిశ్చయించారు. ఆ పెళ్ళి తన ఆశ్రమంలోనే జరిపిస్తానన్నారు గాంధీజీ. ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. జీవితమంతా రామనామం జపించిన మనిషి ఒక నాస్తికుడి బిడ్డ కోసం ఆ పేరును పక్కన పెట్టడం సామాన్యం కాదు. 1948 జనవరి 30న గాంధీజీ హత్య జరిగింది. ఆ మార్చి 13న ఆయన అనుకున్న పద్ధతిలోనే సేవాగ్రాంలో పెళ్ళి జరిగింది. 1960లో కొడుకు లవణం గారికి మహాకవి జాషువా గారి కుమార్తె హేమలత గారిని చేసుకున్నారు.

ఇక అసలు చిక్కు ఇక్కడే ఉంది. గోరా దంపతులకు తొమ్మిదిమంది పిల్లలు. ఉప్పు సత్యాగ్రహం ఏట, 1930లో పుట్టినవాడు లవణం. యుద్ధమేఘాలు కమ్ముకున్న 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం పేరు నౌ. దేవుడి పేర్లు లేవు, కులం తోకలు లేవు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలు నాస్తికులయ్యారు. పట్టిసీమలో పెరిగిన నేను ఆస్తికుణ్ణయ్యాను. మరి తేడా ఏమిటి? వారి నాస్తికత్వం మాత్రం పెంపకం కాదూ?

ఈ ప్రశ్న చాలాకాలం నన్ను వేధించింది. చివరికి నాకు తోచినది ఇది. నమ్మకం గాని అపనమ్మకం గాని మొదట ఇంట్లోనే దొరుకుతుంది. అందులో సిగ్గుపడవలసింది లేదు, గర్వపడవలసిందీ లేదు. అమ్మ పెట్టిన అన్నం లాంటిదది. అది మన సొత్తు ఎప్పుడవుతుందంటే, దానికోసం ఏదైనా వదులుకోవలసి వచ్చి కూడా నిలబడినప్పుడు. లవణం గారు నాస్తికుడుగానే ఉంటూ, పరమ భక్తుడైన వినోబా భావే ఆంధ్రలో పాదయాత్ర చేసినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగు చేశారు. తన నమ్మకం ఏదో తెలిసినవాడికే ఎదుటివాడి నమ్మకానికి నోరు ఇవ్వడం చేతనవుతుంది.

గోరా చేసినవన్నీ నాకు నచ్చాయని చెప్పను. 1972లో విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం బహిరంగంగా వడ్డించిన కార్యక్రమం హిందువులనూ ముస్లిములనూ కూడా నొప్పించింది. మతం మనుషుల మధ్య పెట్టిన గోడ పడగొట్టడానికే చేశామన్నారు. గోడ పడిందో, మనసులు గాయపడ్డాయో ఎవరికి వారు తేల్చుకోవలసినది. అయితే ఆయన రహస్యంగా ఏదీ చేయలేదు. 1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒరిగిపోయారు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. పరీక్షలకు ముందు గుడికి వెళ్ళేవారు మీలో ఉన్నారు, వారిని చూసి నవ్వేవారూ ఉన్నారు. గుడికి వెళ్ళేవారు, ఈ భక్తి నాదా, మా అమ్మదా అని ఒకసారి అడిగి చూసుకోండి. నవ్వేవారు, ఈ నవ్వు నాదా, నా రూమ్మేటుదా అని అడిగి చూసుకోండి. జవాబు ఏదైనా ఫరవాలేదు. కాని మీ నమ్మకం వల్ల పక్కవాడు మీ బంతిలో కూర్చోగలుగుతున్నాడా, లేడా అన్న ప్రశ్నకు మాత్రం రెండు జవాబులు లేవు. గోరా గారు దేవుడు లేడంటూ పక్కవాడికి చోటు చేశారు. దేవుడున్నాడనే మనం అంతకంటె తక్కువ చేస్తే, మన దేవుడికే చిన్నతనం.